వణికే పలక, గుల్లబారే ఎముక

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో సోఫా పక్కన ఒక నల్లటి పలక కనిపించడం ఈమధ్య మామూలైపోయింది. బరువు చూసుకునే మిషన్ కంటే కాస్త పెద్దది. ప్లగ్ పెట్టి రిమోట్ నొక్కితే బుర్రుమంటూ వణుకుతుంది. కొడుకో కూతురో ఆన్‌లైన్‌లో తెప్పించి ఉంటారు. దాని మీద నిలబడేది మాత్రం మనవడిని చూసుకోవడానికి అనంతపురం నుంచో కడప నుంచో వచ్చిన అమ్మ. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఇంకో చేత్తో కిటికీ గ్రిల్ పట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి పది నిమిషాలు నిలబడుతుంది. పళ్లు టకటకలాడతాయి. టీపాయ్ మీది స్టీలు గ్లాసు కూడా సన్నగా మోగుతుంది. ఇలాంటి పలకల గురించి ప్రకటనల్లో చెప్పేవి ముఖ్యంగా రెండు: బరువు తగ్గుతుంది, ఎముకలు గట్టిపడతాయి.

బరువు సంగతి పక్కన పెడదాం. ఎముకల మాట గాల్లోంచి పుట్టింది కాదు, దాని వెనుక పాతికేళ్లకు పైబడిన పరిశోధన ఉంది. కాకపోతే గొర్రెల్లో, ఎలుకల్లో వచ్చిన ఫలితం ఒకటి, ఆడవాళ్లలో వచ్చింది ఇంకొకటి. ఈ తేడా తెలియక నష్టపోయేది ఎక్కువగా చిన్న వయసులోనే అండాశయాలు పోయినవాళ్లు. పలక మీద నిలబడుతున్నాం కదా అన్న ధీమాతో వాళ్లు పోగొట్టుకునే ఏళ్లు మళ్లీ రావు.

ఎముక చూడ్డానికి రాయిలా ఉన్నా లోపల ఎప్పుడూ పని నడుస్తూనే ఉంటుంది. ఒక రకం కణాలు పాత ఎముకను తొలిచేస్తాయి, ఇంకో రకం కణాలు ఆ గుంటలో కొత్త ఎముక పోస్తాయి. పాత గోడకు పెచ్చులు కొట్టి మళ్లీ సిమెంటు పూసే మేస్త్రీల పనిలాంటిదే ఇది. పెచ్చులు కొట్టడానికి కొన్ని వారాలు చాలు, తిరిగి పూసి ఆరబెట్టడానికి నెలలు పడుతుంది. తొలిచే కణాలు పుట్టాలంటే ర్యాంక్-లిగాండ్ అనే ప్రొటీన్ నుంచి కబురు అందాలి. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్నంత కాలం ఆ కబురు మితంగా వెళ్తుంది, తొలిచే కణాలు కూడా పని అయ్యాక త్వరగానే చనిపోతాయి. ఈస్ట్రోజెన్ పడిపోతే తొలిచే జట్టు పెరుగుతుంది, ఎక్కువ రోజులు బతుకుతుంది. పూసే జట్టు కూడా హడావుడి పడుతుంది గానీ అందుకోలేదు. నెలసరి ఆగిన ఆడవాళ్లలో వెన్నుపూసలు కుంగిపోవడానికి, అండాశయాలు ఆగిపోవడానికి సంబంధం ఉందని 1940ల మొదట్లోనే బోస్టన్ వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ గుర్తించాడు.

ఈ నష్టం ముందు పడేది వెన్నుపూస, తుంటి, మణికట్టు లోపలి స్పాంజిలాంటి ఎముక మీద. అది తేనెపట్టులా సన్నసన్న కర్రల అల్లిక. నిలువు కర్రలు బరువు మోస్తాయి, అవి వంగిపోకుండా అడ్డకర్రలు పట్టి ఉంచుతాయి. ఈస్ట్రోజెన్ పోయిన మొదటి ఏళ్లలో అడ్డకర్రలు పలచబడి తెగిపోతాయి. పలచబడిన కర్రను మళ్లీ లావు చేయొచ్చు. తెగిపోయిన కర్రను మాత్రం ఏ వ్యాయామమూ, చాలామటుకు ఏ మందూ తిరిగి అతికించలేవు, ఎందుకంటే కొత్త ఎముక పాత ఎముక మీదే పోయాలి. పలక గురించి తర్వాత వచ్చే విషయాలన్నింటికీ ఈ తెగిన అడ్డకర్రే కీలకం.

మామూలుగా మెనోపాజ్ వచ్చినప్పుడు, అంటే నెలసరి దానంతటదే ఆగేటప్పుడు, ఈ హార్మోన్ కొన్నేళ్లపాటు ఎక్కుతూ దిగుతూ తగ్గుతుంది. ఆపరేషన్‌లో రెండు అండాశయాలూ తీసేస్తే ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. 36 ఏళ్లకు అలా జరిగితే, 46 ఏళ్ల దాకా నెలసరి ఉన్న తోటి మనిషి కంటే ఆమె ఎముక పదేళ్లు ముందుగా అరిగిపోవడం మొదలుపెడుతుంది.

తెలుగువాళ్లకు ఇది ఎక్కడో దూరాన ఉన్న సమస్య కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం దరిదాపు. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ముప్పైల్లోనే ఈ ఆపరేషన్ అయినవాళ్లు వీళ్లలో ఎందరో. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన ప్రజాహిత వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023లో అన్ని రాష్ట్రాలూ కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను అమలు చేయాలని ఆదేశించింది. అయితే సర్వేవాళ్లు అడిగేది గర్భసంచి గురించే, అండాశయాల గురించి కాదు. గర్భసంచి ఒక్కటే తీస్తే హార్మోన్ వెంటనే ఆగిపోదు, అండాశయాలు కొంచెం ముందుగా అలిసిపోవచ్చు, అంతే. రెండు అండాశయాలూ పోతేనే ఎముకకు అసలు దెబ్బ. ఏం తీశారని ఇంట్లో అడిగితే వచ్చే జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది: "గర్భసంచి తీసేసినారు నాయనా, లోపల ఇంకేం తీసినారో నాకేం తెలుసు."

ఇక వణుకు ఎముకకు ఎందుకు మేలు చేయాలి? ఎముక తన మీద పడే బరువును బట్టి తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. బరువు పడకపోతే ఏమవుతుందో అంతరిక్షంలో తేలింది: భారం లేని చోట వ్యోమగాముల తుంటి ఎముక నెలకు ఒక శాతం నుంచి ఒకటిన్నర శాతం దాకా కరిగిపోతుంది. ఎముకలో పాతుకుపోయిన కణాలు కోట్లకొద్దీ ఉంటాయి. వాటి చుట్టూ సన్నటి కాలువల్లో ద్రవం ఉంటుంది. ఎముక కాస్త వంగినా ఆ ద్రవం కదిలి, కణానికి స్పర్శ తగులుతుంది. ఆ కణాలు అప్పుడు స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను తగ్గిస్తాయి. అది తగ్గితే పూసే జట్టుకు అడ్డు తొలగుతుంది.

అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో క్లింటన్ రూబిన్ ఇక్కడే ఒక కొత్త ప్రశ్న వేశాడు. గెంతడం, పరుగెత్తడం లాంటి పెద్ద కుదుపులు రోజులో కొన్నిసార్లే వస్తాయి. ఊరికే నిలబడ్డప్పుడు కూడా కండరాలు సెకనుకు 20 నుంచి 50 సార్లు సన్నగా అదురుతూనే ఉంటాయి. ఎముకను నిలబెట్టేది ఆ చిన్న అదురే అయితే? 2001లో నేచర్ పత్రికలో వచ్చిన ఆయన బృందం ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. పెద్ద గొర్రెల వెనక కాళ్ల కింద సెకనుకు 30 సార్లు, 0.3 జీ తీవ్రతతో, రోజుకు 20 నిమిషాల చొప్పున వణుకు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి తొడ ఎముక పైభాగంలో స్పాంజి ఎముక సాంద్రత 34 శాతం ఎక్కువగా ఉంది.

ఇక్కడ జీ అంటే భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం. 30 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 30 సార్లు వణికేటప్పుడు, 0.3 జీ రావాలంటే పలక పైకీ కిందికీ కలిపి కదిలేది 0.17 మిల్లీమీటరు. రెండు కాగితాల మందం కంటే తక్కువే. దాని మీద నిలబడ్డవాళ్లకు అరికాళ్లలో సన్నటి జుమ్ము తప్ప ఏమీ తెలియదు. ఇళ్లలో వాడే పలకల్లో చాలావాటికి కదలిక మిల్లీమీటర్లలో ఉంటుంది. అదే 30 హెర్ట్జ్ దగ్గర పలక పైకీ కిందికీ కలిపి 2 మిల్లీమీటర్లు కదిలితే తీవ్రత 3.6 జీ అవుతుంది, అంటే గొర్రెలకు ఇచ్చిన దానికి 12 రెట్లు. గ్లాసు మోగేంతగా, పళ్లు టకటకలాడేంతగా అదిరే పలకకూ, నేచర్‌లో వచ్చిన పలకకూ సంబంధం పేరులోనే.

గొర్రెలకు అండాశయాలు ఉన్నాయి. అవి లేనప్పుడు ఏమవుతుందో చూడాలంటే ఈ రంగంలో అందరూ వాడేది అండాశయాలు తీసిన ఆడ ఎలుకను. ఎముకలు గుల్లబారడానికి కొత్త మందు తేవాలంటే ముందు ఈ ఎలుకల మీద చూపించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడుగుతుంది. ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లోనే మోకాలి కింది ఎముకలో అల్లిక పలచబడటం కనిపిస్తుంది. ఎలుకతో ఇంకో సౌకర్యం ఉంది, చివర్లో ఎముకను బయటకు తీసి విరిచి చూడొచ్చు. రెండు చిన్న దిమ్మెల మీద తొడ ఎముకను అడ్డంగా పెట్టి, నడిమధ్యన ఒక మొద్దు బ్లేడును మెల్లగా దించుతారు. తెర మీద గీత నిటారుగా ఎక్కుతూ పోయి, ఎముక పుటుక్కుమన్న క్షణాన కూలిపోతుంది. గీత ఎక్కిన ఎత్తే ఆ ఎముక బలం. ఆడవాళ్లలో ఈ పరీక్ష చేయలేం కదా. అందుకే ఎలుకల పేపర్లలో "బలం" అని రాస్తారు, మనుషుల పేపర్లలో "సాంద్రత" అని రాస్తారు. ఆ రెండూ ఒకటి కావు.

డెన్మార్క్ పరిశోధకులు 2003లో అండాశయాలు తీసిన ఎలుకలను మూడు రకాల వణుకులతో పరీక్షించారు: 17, 30, 45 హెర్ట్జ్. మూడు నెలల తర్వాత 45 హెర్ట్జ్, 3 జీ ఇచ్చిన గుంపులో ఎముక బలం తగ్గడం చాలామటుకు ఆగింది. అంతకుముందు 1998లో వచ్చిన మరో అధ్యయనం కూడా ఆపరేషన్ తర్వాత వణుకు ఇస్తే ఎముక నష్టం తగ్గిందని చెప్పింది. అలాగని ఎలుకల లెక్క మొత్తం ఒకవైపే లేదు. నెదర్లాండ్స్‌లో 2010లో 0.3 జీ సన్నని వణుకును అలాంటి ఎలుకలకే ఇచ్చి, బతికుండగానే ఎముక లోపలి అల్లికను చూపే మైక్రో సీటీ స్కాన్‌లో మళ్లీ మళ్లీ చూస్తే ఎముకలో తేడా ఏమీ కనిపించలేదు. గొర్రెలకు పని చేసిన తీవ్రత, అండాశయాలు లేని ఎలుకకు చాలలేదన్నమాట.

దీనికి ఒక బలమైన కారణం ఉంది. ఎముక కణంలో ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకమే, బరువు పడ్డప్పుడు స్పందించడంలో కూడా పాలు పంచుకుంటుంది. ఆల్ఫా రకం గ్రాహకం లేని ఎలుకల్లో ఎముక మీద ఎంత బరువు వేసినా కొత్త ఎముక పోయడం తగ్గిపోతుందని లండన్‌లో లాన్యన్ బృందం చూపించింది. ఈస్ట్రోజెన్ పోతే ఆ గ్రాహకాల సంఖ్య కూడా తగ్గుతుందని వాళ్ల వాదన. అంటే అండాశయాలు పోవడం వల్ల ఎముకకు రెండు దెబ్బలు: తొలిచే జట్టు పెరుగుతుంది, కుదుపుకు వచ్చే జవాబు సన్నగిల్లుతుంది. ఏ వ్యాయామం మీద ఆశ పెట్టుకుంటామో, దాన్ని వినే చెవే మందగిస్తుంది.

ఆడవాళ్లలో జరిగిన పరీక్షలు చూస్తే కథ ఇంకా చప్పబడుతుంది. 2004లో బెల్జియంలో మెనోపాజ్ దాటిన 70 మంది మీద గట్టి వణుకుతో, దానికి తోడు పలక మీదే గుంజీలలాంటి కసరత్తులు చేయించి చూశారు. ఆరు నెలలకు తుంటి సాంద్రత 0.93 శాతం పెరిగింది. అదే ఏడాది రూబిన్ బృందమే 70 మందితో ఏడాదిపాటు చేసిన పరీక్షలో అందరినీ కలిపి లెక్కేస్తే ప్రయోజనం తేలలేదు. క్రమం తప్పకుండా నిలబడ్డ బక్కపలచని ఆడవాళ్లలో మాత్రం నష్టం తగ్గినట్టు కనిపించింది. తర్వాత టొరంటోలో 202 మందిని మూడు గుంపులు చేసి, రెండు గుంపులకు 0.3 జీతో 90, 30 హెర్ట్జ్ వణుకు, రోజుకు 20 నిమిషాలు, ఏడాదిపాటు ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. 2011లో ఫలితం వచ్చింది: సాంద్రతలో తేడా లేదు, లోపలి అల్లికలోనూ తేడా లేదు. బోస్టన్‌లో 65 దాటిన 174 మంది ఆడవాళ్లు, మగవాళ్ల మీద రెండేళ్లపాటు చేసిన పరీక్ష 2015లో ఇదే మాట చెప్పింది.

గొర్రెలో 34 శాతం ఎక్కడ, ఆడవాళ్లలో సున్నా ఎక్కడ? ఎలుకకు ఆపరేషన్ అయిన రోజుల్లోనే వణుకు మొదలుపెడతారు, అడ్డకర్రలు ఇంకా తెగకముందే. ఆడవాళ్లు పలక ఎక్కేసరికి పదేళ్లు, పదిహేనేళ్లు గడిచిపోతాయి. ఎలుక నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది, పలక నుంచి ఎముకకు దూరం కొన్ని సెంటీమీటర్లే. మనిషిలో ఆ వణుకు మడమ, చీలమండ, మోకాలు దాటి తుంటిని చేరాలి. అందులోనూ మోకాలు వంచితే బండికి షాక్ అబ్జార్బర్ పెట్టినట్టే, వణుకులో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతుంది. మోకాలు నిటారుగా పెడితే తుంటికి, వెన్నుకు బాగా చేరుతుంది గానీ తలకూ చేరుతుంది, గట్టి పలక మీద అది ప్రమాదం. కిటికీ గ్రిల్ పట్టుకుని మోకాళ్లు వంచి నిలబడ్డ అమ్మ తుంటికి అందేది చాలా తక్కువ.

స్కాన్ సంగతి కూడా చూడాలి. జయనగర్‌లోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించి, ఏడాది తర్వాత మళ్లీ చేయిస్తే రెండు శాతం పెరిగిందని కాగితం వస్తుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు, పలకకు పేరొస్తుంది. కానీ ఒకే మనిషిని ఒకే మిషన్ మీద దించి మళ్లీ పడుకోబెట్టినా 3 నుంచి 5 శాతం దాకా తేడా రావచ్చు. తుంటి ఎంత లోపలికి తిరిగి ఉందన్న దాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. వేరే సెంటర్‌లో చేయించిన స్కాన్‌తో పోల్చడంలో అసలు అర్థమే లేదు.

పలకకు ఒక మంచి మాట దక్కిన చోటు హాంకాంగ్. అక్కడ 710 మంది పెద్ద వయసు ఆడవాళ్లతో 18 నెలలు, వారానికి అయిదు రోజులు, 35 హెర్ట్జ్, 0.3 జీ వణుకుతో చేసిన పరీక్షలో ఎముక సాంద్రత పెరగలేదు. కానీ పడిపోవడం, ఎముక విరగడం లాంటివి వణుకు లేని గుంపులో 28.7 శాతం మందికి జరిగితే, వణుకు ఉన్న గుంపులో 18.6 శాతం మందికే జరిగాయి. కాళ్ల బలం, తూలకుండా నిలబడే శక్తి మెరుగయ్యాయి. ఇది చిన్న విషయమేమీ కాదు. తుంటి విరిగేది ఎముక గుల్లబారినందుకే కాదు, తడి బాత్రూమ్‌లో కాలు జారినందుకు కూడా. 70 ఏళ్ల మనిషి నడక తూలుతుంటే, ఫిజియోథెరపిస్టు కళ్ల ముందు, సన్నని వణుకు పలక మీద నిలబడటం వల్ల ఉపయోగం ఉండొచ్చు. అయితే ఆ ఉపయోగం కండరానికి, అడుగుకు సంబంధించినది. దాన్ని ఎముక ఖాతాలో రాయడమే పొరపాటు.

గట్టి వణుకు వల్ల హాని కూడా ఉంది. బస్సులు, ట్రాక్టర్లు నడిపేవాళ్లకు నడుం నొప్పి ఎక్కువన్నది పాత సంగతే. అందుకే పనిలో వణుకు ఎంతవరకు తట్టుకోవచ్చో అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. ఇంటి పలకలు ఆ హద్దును నిమిషాల్లో దాటేయగలవు. ఇప్పటికే కుంగిన వెన్నుపూస, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డలు, పేస్‌మేకర్, కొత్తగా మార్చిన మోకాలు, కంటి రెటీనా సమస్య, కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దాని జోలికి వెళ్లకూడదు.

మరి వ్యాయామంతో ఎముక పెరగదా అంటే, పెరుగుతుంది, బరువుతో. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో మెనోపాజ్ దాటి ఎముక పలచబడిన 101 మందిలో ఒక గుంపుకు కోచ్ పర్యవేక్షణలో, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, తాము ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా ఎత్తించారు. ఎనిమిది నెలలకు వాళ్ల వెన్ను సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి కసరత్తులు చేసిన గుంపుకు 1.2 శాతం తగ్గింది. 2018లో వచ్చిన ఈ ఫలితం అమ్మలకు బార్‌బెల్ ఇచ్చేయమని చెప్పడం లేదు. పర్యవేక్షణ లేకుండా అలా ఎత్తితే వెన్నే విరగొచ్చు. ఎముక వినేది ఎంత గట్టి మాటనో అది చెబుతోంది.

ముందుగా ఆలోచించాల్సింది మాత్రం హార్మోన్ గురించే, దాన్నే మన ఇళ్లలో అసలు ఎత్తరు. 45 ఏళ్లలోపు రెండు అండాశయాలూ పోయినవాళ్లకు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకులు లేకపోతే, మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలని ప్రపంచవ్యాప్తంగా వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2002లో అమెరికాలో మెనోపాజ్ దాటినవాళ్లకు హార్మోన్ ఇచ్చి చూసిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాక హార్మోన్ అంటేనే భయం పట్టుకుంది. ఆ పరీక్షలో చేరినవాళ్ల సగటు వయసు 63. అందులోనూ గర్భసంచి లేనివాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో, 2004 నాటి ఫలితాల్లో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, తుంటి విరగడం తగ్గింది. పక్షవాతం ముప్పు కొంత పెరిగింది, అది నిజం. కానీ 63 ఏళ్లవాళ్ల లెక్కను 38 ఏళ్ల మనిషికి అంటగట్టి ఆమెకు రావాల్సిన మందును ఆపడం అన్యాయం. ఆ వయసు దాటిపోయాక, ఎముక ఇప్పటికే పలచబడితే, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందులున్నాయి. ఏడాదికి ఒక్క ఇంజెక్షన్, మూడేళ్ల పరీక్షలో తుంటి విరగడాన్ని 41 శాతం, వెన్నుపూస విరగడాన్ని 70 శాతం తగ్గించింది. ఏ పలకకూ ఇలాంటి అంకె లేదు.

తిండి విషయంలో రాయలసీమ అమ్మలు మనకే చెప్పగలరు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. మెనోపాజ్ దాటినవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బెంగళూరులో రాగి ముద్దకు కొదవ లేదు, సంకటి చేసుకునే అలవాటూ పోలేదు. ఎండ మాత్రం కరువైంది. తిరుపతి పరిసరాల్లో మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలోనే విటమిన్ డి చాలామందికి చాలడం లేదని అక్కడి స్విమ్స్ వైద్యసంస్థ పరిశోధకులు 2005లో చూపించారు. పదో అంతస్తు ఫ్లాట్‌లో మనవడితో రోజంతా గడిపేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఈ నిర్ణయాలన్నీ ఒక పాత కాగితం మీద ఆధారపడి ఉంటాయి. ఊళ్లో బీరువా అడుగున, రేషన్ కార్డు జిరాక్సుల మధ్య మడత పెట్టి ఉండే డిశ్చార్జి సమ్మరీ. అందులో ఆపరేషన్ పేరు దగ్గర టీఏహెచ్ అని ఒక్కటే ఉంటే గర్భసంచి తీశారు. దాని పక్కన బీఎస్‌ఓ అని కూడా ఉంటే రెండు అండాశయాలూ పోయాయి. కాగితం దొరక్కపోతే, ఇంకా యాభై దాటనివాళ్లకు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష, కడుపు స్కానింగ్ చేయించి డాక్టరు తేల్చగలరు. ఆపరేషన్ నాటి వయసు, అప్పటినుంచి గడిచిన ఏళ్లు, మధ్యలో ఎప్పుడైనా చిన్నగా పడితేనే మణికట్టు విరిగిందా, ఎత్తు తగ్గి చీర పొడవైనట్టు అనిపిస్తోందా అన్నవి కూడా రాసి తీసుకెళ్తే, మొదటి అపాయింట్‌మెంట్‌లోనే స్కాన్ ఎప్పుడు, మందు ఏది అన్న మాట తెమిలిపోతుంది.